మిరుగం నుంచి భయం లేదు

కోరుట్ల,
14-4-1996

తమ్ముడు విఠల్‌కు,

నీల అక్క దీవించి రాసేది. నాకు నీ లెక్క రాసుడు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. తప్పులుంటె నవ్వకు. పూణెల ఎండలు గిట్లనే ఉన్నయా? గీడ పొద్దుగాల తొమ్మిది గాకముందే అరుగు కాలుతున్నది. బీడీల ఆకు తడిపిన ఐదు నిమిషాలకే ఎండిపోతున్నది.

మీ బావ ముచ్చట రాస్త. ఒమాన్‌ల ఖర్జూరం చెట్లు ఎక్కే పని అని కద ఆయన పోయింది. తాళ్ళు ఎక్కి కల్లు గీసెటోనికి గదో పనా అని మనమంత నవ్వుకున్నం. పోయిన నెల అర్బాబు, గదే ఆడి యజమాని, తోట అమ్మేసిండట. మీ బావను తన తమ్ముని చేపల పడవ మీదికి తోలిండు. చెట్టు మీద నిలవడె మనిషిని తీస్కపోయి నీళ్ళ మీద నిలవెట్టిండ్రు. ఆయనకు ఈత రాదు. వాగుల మోకాలు దాటి దిగిన మనిషి కాదు. వీర్నపల్లి సంజీవ్ గదే పడవ మీద ఉన్నడు కాబట్టి జర ధైర్యం చెప్తున్నడట.

మీ బావ గిట్ల రాసిండు: "గీ సముద్రంల తుఫాను ఎప్పుడొస్తదో మీ తమ్మున్ని అడుగు. వాతావరణం ఆఫీసుల కూసొని గది గూడ చెప్పకపోతె ఎట్ల?" కొత్త అర్బాబు మంచోడేనట. భయముంటె గా కొన్ని దినాలు ఒడ్డు మీద వలలు కుట్టుకో అన్నడట. ఏ దినాలో మనమే చెప్పాలె.

మా అత్తమ్మ రాజవ్వ మంచిగున్నది. మీ బావ తాడిచెట్టు ఎక్కే మోకు దండెం మీదనే ఉన్నది. అమాసకోసారి దించి ఆముదం పూస్తది. ఆయన వచ్చేనాటికి ఎండి పలగొద్దని ఆమె ఫికరు.

జల్ది జవాబు రాయి. ఉండనా మరి.

నీ అక్క
నీల


పూణె,
2-5-1996

సౌభాగ్యవతి అయిన మా నీల అక్కకు తమ్ముడు విఠల్ నమస్కరించి రాయునది.

నేను బాగున్నాను. మా ఇంటి యజమానురాలు నీళ్ళు చెంబుతో కొలిచి ఇవ్వడం తప్ప ఇక్కడ వేరే కష్టం లేదు. నీ ఉత్తరం మా గదిలో వాళ్ళకు హిందీలో చదివి వినిపించాను. ఇంత సూటి ప్రశ్న మా పెద్ద సారు కూడా అడగడని నవ్వారు. రోజంతా పటాల మీద గాలి గీతలు గీసే మమ్మల్ని ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ ఏమీ అడగరు. కాబట్టి ఇవాళ నాకు పండగ. బీడీలు చుడుతూనే విను.

తుఫానుకు మొదట కావలసింది వెచ్చని నీరు. పైపైన వెచ్చబడితే చాలదు. రెండు మూడు తాడిచెట్ల లోతుదాకా వెచ్చబడాలి. ఆ నీటి నుంచి లేచే ఆవిరే దాని తిండి. రెండోది, పైన గాలి, కింద గాలి ఒకదాన్నొకటి గుంజుకోకూడదు. మన దేవవ్వ నీ పక్కన కూర్చుని బీడీ కాల్చేటప్పుడు చూడు. గాలి ఆడకపోతే పొగ నిలువునా లేస్తుంది. కింద ఒక వైపు, పైన ఇంకో వైపు గాలి కొడితే చెదిరిపోతుంది. తుఫాను కూడా నిలువుగా నిలబడగలిగితేనే బతుకుతుంది.

అరేబియా సముద్రం మీద ఈ రెండూ కలిసేది ఏడాదికి రెండు మార్లు. ఎండాకాలం చివర, అంటే మే నెల, జూన్ మొదట్లో. మళ్ళీ వానలు వెనక్కి మళ్ళాక అక్టోబరు, నవంబరులో. ఆ నడుమ వానాకాలపు గాలి ఉంటుంది. కింద నైరుతి గాలి గట్టిగా వీస్తుంది, బాగా ఎత్తున దానికి ఎదురు గాలి నడుస్తుంది. ఆ రెండింటి మధ్య తుఫాను తలెత్తలేదు. పైగా ఆ నైరుతి గాలికి అడుగు నీళ్ళు పైకి వచ్చి ఒమాన్ ఒడ్డున సముద్రం చల్లబడుతుంది. ఏటేటా లెక్క ఒకేలా ఉండదనుకో. ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కినా మన గాలుల తీరు మారుతుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, అక్కడ వానాకాలపు గాలి స్థిరపడేదాకా బావను ఒడ్డు మీదే ఉండమను. వలలు కుట్టడం ఆయనకు కష్టం కాదు, మోకు అల్లిన చేతులు.

రాజవ్వత్తకు నమస్కారాలు.

నీ తమ్ముడు
విఠల్


కోరుట్ల,
19-5-1996

తమ్ముడు విఠల్‌కు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివిన. బీడీ పొగ ముచ్చట చెప్తె దేవవ్వ ఆ దినమంత పొగ దిక్కే చూసుకుంట కూసున్నది. ఆమె చుట్టిన కట్టలు తక్కువైనయి, కార్ఖానల నన్నే అన్నరు.

మీ బావకు గా దినమే రాసిన. నీ అంత పొడుగు రాస్తె ఆయన సగంలనే ఆపుతడు. అందుకే ఒక్క ముక్కల రాసిన: మిరుగం దాక పడవ ఎక్కకు, మిరుగం నుంచి భయం లేదు, తమ్ముడు చెప్పిండు అని. మృగశిర కార్తె వచ్చిందంటె మనకు వానకాలం వచ్చినట్టే కద. ఈసారి జూన్ ఎనిమిది, శనివారం పడ్డది. నేను క్యాలెండర్‌ల గీత గూడ కొట్టుకున్న.

సిరిసిల్ల చిన్నమ్మ ఇంట్ల మగ్గాలు మళ్ళ బందైనయట. చిన్నయ్య భీమండి పోయిండు. అందరి ఇండ్లల్ల ఎవరో ఒకరు పోయినోళ్ళే. నాకు మటుకు గీ ఉత్తరం రాసినంక నిద్ర మంచిగ పడుతున్నది.

ఉంట.

నీ అక్క
నీల


పూణె,
1-6-1996

సౌభాగ్యవతి అయిన అక్కకు విఠల్ నమస్కారాలు.

నాలుగు ముక్కలే రాస్తాను, కోపం తెచ్చుకోకు. వానలు కేరళ చేరే వేళ. ఈ వారం రోజులు మాకు తిండి వేళ కూడా తెలియదు.

నా రెండు పేజీలను నువ్వు ఒక్క ముక్క చేశావు. నిన్ను మా ఆఫీసులో పెట్టుకోవాల్సింది, రేడియోవాళ్ళు బతికిపోయేవారు. మిరుగం నాడు కోరుట్ల అంతా చేపలు తింటుంటే నేనిక్కడ మెస్సులో ఆలుగడ్డ తింటుంటాను. నా పేరు చెప్పి ఒక ముక్క ఎక్కువ తిను.

విఠల్


కోరుట్ల,
23-6-1996

తమ్మునికి,

మిరుగం నాడు గీడ వాన పడలేదు. ఎండనే కొట్టింది. అయిన అందరు చేపలు తెచ్చుకున్నరు, మేము గూడ తెచ్చుకున్నం. కొర్రమట్టలు దొరికినయి. చింతపులుసు పోసి వండిన. నీ పేరు చెప్పి ఒక ముక్క ఎక్కువ తిన్న.

సంజీవ్ బస్టాండు కాడి ఎస్టీడీకి ఫోన్ చేసిండు. కాలికి దెబ్బ తగిలి తాను ఒడ్డు మీదనే ఉండెనట. మీ బావ ఎక్కిన పడవ మిరుగం నాడు పొద్దుగాల పోయింది. పోయినంక గాలి లేచింది, తుఫాను అచ్చింది. తక్కిన పడవలు ఎక్కడెక్కడనో ఒడ్డుకు చేరినయట. గిది చేరలేదు.

నేను ఫోన్ పెట్టి, ఎస్టీడీ ఆయనకు పైసలిచ్చి, ఇంటికచ్చి బీడీలు చుట్టిన. ఆనాటి పని ఆనాడు అయిపోయింది. అత్తమ్మకు పొద్దూకినంక చెప్పిన. వాడకట్టోళ్ళు వస్తున్నరు, కూసుంటున్నరు, నేను ఏడుస్తనేమోనని చూస్తున్నరు. నాకు ఏడుపు వస్తలేదు. జగిత్యాల పోయి ఏజెంటును అడిగిన. నాకు పడవ సంగతి తెల్వదు, నేను తోటకే పంపిన అన్నడు.

మిరుగం నుంచి రాదు కద తమ్మీ. గిది ఎట్లొచ్చింది? తిట్టుటానికి అడుగుతలేను. ఎట్లొచ్చిందో చెప్పు.

నీల


పూణె,
2-7-1996

అక్కకు,

నీ ఉత్తరం చదివాక ఆఫీసుకు పోయాను. ఆ తుఫాను పటం నా బల్ల మీదే ఉంది. దాని గీతల్లో కొన్ని నేను గీసినవే. గీసేటప్పుడు బావ గుర్తు రాలేదు. ఆయన ఒడ్డు మీద ఉన్నాడనుకున్నాను.

నువ్వు అడిగావు కనుక చెబుతాను. వానాకాలపు గాలి కార్తె చూసి దిగదు. దక్షిణం నుంచి మెల్లగా పైకి జరుగుతుంది. దాని ముందు అంచున కింది గాలి బలపడి సుడి తిరగడం మొదలవుతుంది. పైన రావలసిన ఎదురు గాలి ఇంకా అక్కడికి వచ్చి ఉండదు. ముందున్న నీళ్ళు మే నెల వేడిని ఇంకా వదిలి ఉండవు. ఆ సందులో ఒక్కోసారి తుఫాను పుడుతుంది. ప్రతి ఏడూ పుట్టదు. ఈ ఏడు పుట్టింది. నేను జూన్ మొదట్లో అని రాశాను. గాలి స్థిరపడేదాకా అని కూడా రాశాను. మిరుగం అని రాసింది నువ్వు.

ఇప్పుడక్కడ వానాకాలపు గాలి పూర్తిగా స్థిరపడింది. ఇంకో మూడు నెలలు తుఫాన్లు ఉండవు. కానీ అలలు ఇంటి ఎత్తున లేస్తాయి, చిన్న పడవలు కదలవు. వెతకడానికి కూడా ఎవరూ పోలేరు. ఆ గాలిలో పడవలు నడవవని నేను మేలో రాయలేదు. నువ్వు అడిగింది తుఫాను గురించి. అందుకేనేమో ఆ కాలం మూసుకునేలోగా ఆఖరి వేటకని అందరినీ తీసుకుపోయి ఉంటారు.

ఆ తీరానికి దూరంగా చిన్న దీవులు ఉన్నాయి. కొద్దిమంది జాలరులు ఉంటారు. గాలి తగ్గేదాకా వాళ్ళకూ ఒడ్డుకూ రాకపోకలు ఉండవు. అక్కడికి ఎవరైనా కొట్టుకుపోయి చేరినా సెప్టెంబరు దాకా కబురు తెలియదు.

నేను రావాలా? రమ్మంటే వస్తాను.

విఠల్


కోరుట్ల,
15-7-1996

తమ్మునికి,

నీ ఉత్తరంల నా పేరు ముందు సౌభాగ్యవతి అని లేదు. ఎన్నడు తప్పకుంట రాస్తవు. కవరు మీద చూసిన, గాడ గూడ లేదు. నీకు ఏమన్న తెలిసిందా? మీ ఆఫీసుకు ఏమన్న కబురొచ్చిందా? తెలిస్తె దాయకు. నేను తట్టుకుంట. నాకు ఇప్పుడు ఏదీ తగులుతలేదు.

దీవి ముచ్చట అత్తమ్మకు చదివి వినిపించిన. మళ్ళొక్కసారి చదువుమన్నది. గప్పటిసంది ఆమె మనిషైంది. కులపోళ్ళు వచ్చి దినాలు ఎప్పుడు చేస్తరని అడిగిండ్రు. ఆమె మోకుకు ఆముదం పూసుకుంటనే జవాబు చెప్పింది: "సముద్రం మూసుకున్నది. తెరుచుకున్నంక నా కొడుకు వస్తడు. పూణెల మా నీల తమ్ముడు రాసిండు." ఆయన గీసే తాళ్ళు వేరేటోళ్ళకు ఇస్తమన్నరు, దానికి గూడ ఆగుమన్నది.

సిరిసిల్ల చిన్నమ్మ వచ్చింది. గాజులు తీస్తెనే మంచిది బిడ్డా, లేకుంటె నలుగురు నాలుగు మాటలంటరన్నది. నేను తియ్యలేదు. ఉంచాలె అని గూడ అనిపిస్తలేదు. చేతికి ఉన్నయి, గంతే.

నువ్వు రాకు. వస్తె అందరు ఏదో అయిందనుకుంటరు.

నీల


పూణె,
30-7-1996

సౌభాగ్యవతి అయిన నీల అక్కకు తమ్ముడు విఠల్ నమస్కరించి రాయునది.

ఆ మాట తొందరలో మరచిపోయాను. అంతకుమించి ఏమీ లేదు. నాకు ఏ కబురూ తెలియలేదు. ఒమాన్‌లో మన ఎంబసీకి రాశాను, జవాబు లేదు. నిన్ను అంత భయపెట్టినందుకు క్షమించు.

కానీ ఒక మాట రాయక తప్పదు. దీవి సంగతి నేను ఊరికే రాశాను అక్కా. పటంలో కనిపించింది, రాశాను. బావ అక్కడ ఉన్నాడని కాదు. తుఫాను పోయిన దారి చూస్తే ఆ పడవ దీవుల వైపు పోయి ఉంటుందని చెప్పలేను. రాజవ్వత్తకు మెల్లగా చెప్పు. దాని మీద ఆశ పెంచుకోవద్దు.

నీ తమ్ముడు
విఠల్


కోరుట్ల,
18-8-1996

తమ్మునికి,

తుఫాను గురించి నువ్వు రాసింది నమ్మిన. దీవి గురించి రాసింది నమ్మొద్దంటున్నవు. రెండు నీ చేతిరాతనే. ఏది నమ్మాల్నో ఏది వద్దో నాకెట్ల తెలుస్తది?

అత్తమ్మకు చెప్పలేదు. చెప్పను.

గీడ వానలు మంచిగ పడుతున్నయి. నువ్వన్న నైరుతి గాలి గిదేనా? మా గోడకు ఆ దిక్కు నుంచే జల్లు కొడుతున్నది. గీ వాన ఆ సముద్రం మీది నుంచే వస్తది కద అనుకుంట గోడ దిక్కు చూస్తున్న.

గా గాలి ఎప్పుడు ఆగుతదో గదొక్కటి రాయి.

నీల


పూణె,
27-9-1996

సౌభాగ్యవతి అయిన అక్కకు విఠల్ నమస్కారాలు.

గాలి తగ్గింది. వాన వెనక్కి మళ్ళుతున్నది. పడవలు దీవులకు పోవడం మొదలై ఉంటుంది. అడుగు నుంచి వచ్చిన చల్లటి నీళ్ళు ఇంకా ఉన్నాయి కనుక వెంటనే ఏమీ పుట్టదు. నీళ్ళు మళ్ళీ వెచ్చబడ్డాక రెండో కాలం మొదలవుతుంది.

ఏ కబురు వచ్చినా తంతి ఇవ్వు. ఏ మాట ఉన్నా సరే.

విఠల్


కోరుట్ల,
17-11-1996

తమ్మునికి,

తంతి ఇయ్యలేదు. తంతిల పట్టే ముచ్చట కాదు.

సంజీవ్ సెలవు మీద వచ్చిండు. వీర్నపల్లి పోకముందు బస్సు దిగి సీద మా ఇంటికే వచ్చిండు. కుంటుతున్నడు ఇంక. సముద్రం తెరుచుకున్నంక వాళ్ళ అర్బాబు దీవులన్నిటికి మనుషులను పంపిండట. గా దీవోళ్ళు మంచోళ్ళట, అన్నం పెట్టి పంపిండ్రట. వేరే ఊరి పడవల మనిషి ఒక్కడు గాడ ఉండె. గాలి ఉన్నన్ని దినాలు గాడనే ఉండి ఇప్పుడు ఒడ్డుకు వచ్చిండు. కేరళాయన. నువ్వు రాసింది ఒట్టిది కాదు తమ్మీ. దీవి నిజమే, బతికి ఉండుడు నిజమే. మీ బావ మాత్రం గాడ లేడు. మీ బావ పడవ పలకలు దక్షిణం దిక్కు ఒడ్డున దొరికినయట.

అత్తమ్మ సంజీవ్‌ను ఒక్కటే అడిగింది: "నా కొడుకు నీళ్ళకు భయపడేటోడు. గా దినం ఎట్ల ఎక్కిండు?" సంజీవ్ చెప్పాల్నా వద్దా అని నా దిక్కు చూసిండు. చెప్పు అన్న. మిరుగం దాక మీ బావ వలలే కుట్టిండట. అందరు నవ్వినా ఒడ్డు దిగలేదట. మిరుగం నాడు తెల్లారి గాలి జర తేడాగున్నదని ఇద్దరు ముగ్గురు ఎనక ముందాడుతుంటె, మీ బావనే అన్నడట: "ఇయ్యాల్టి నుంచి భయం లేదు. మా బామ్మర్ది ఆఫీసోడు, ఆయన చెప్పిండు." అని మొదలు ఆయననే ఎక్కిండట. సంజీవ్ అంటడు, గాయన అట్ల నవ్వుకుంట పడవ ఎక్కుడు గా దినమే చూసిన అని.

అత్తమ్మ ఇన్నది. ఇని లోపటికి పోయింది.

దినాలు చేసినం. మనిషి లేడు కాబట్టి దర్భతోని బొమ్మ చేసి కాల్చిండ్రు. మోకు గూడ బొమ్మకు కడుదమన్నరు. అత్తమ్మ ఇయ్యలేదు. "మంచి మోకు. పలగలేదు. గింత ఆముదం తాగింది, ఎందుకు కాలవెడుతరు?" అన్నది. ఆయన తాళ్ళు ఎవరికి ఇచ్చిండ్రో ఆ పిలగాని చేతుల పెట్టింది. ఇప్పుడు అమాస వస్తె ఏం చెయ్యాల్నో ఆమెకు తోస్తలేదు. ఉత్త దండెం కింద కూసుంటది.

తప్పు నీది కాదు, నాది కాదు అని దేవవ్వ అంటది. నాకైతె ఇద్దరిది అనిపిస్తది. అయిన నీ మీద కోపం వస్తలేదు. నా మీద గూడ వస్తలేదు. ఏం వస్తలేదు. పొద్దంత బీడీలు చుడుతున్న. రేడియోల కోనసీమ తుఫాను ముచ్చట చెప్తుంటె అత్తమ్మ బంద్ చేసింది.

సంజీవ్ మళ్ళ పోతడట. వద్దంటె ఇనలేదు, ఇల్లు గడువాలె కద అన్నడు. నువ్వు ఆయనకు ఒక ఉత్తరం రాయి. దినం పేరు రాయకు. గాలిని ఎట్ల చూడాల్నో, నీళ్ళను ఎట్ల చూడాల్నో గది రాయి. నేను మధ్యల ముక్క చెయ్యను, ఉన్నదున్నట్టు ఇస్త. ఇంకొకటి అడుగుత. వచ్చే యేడు మళ్ళ గిట్ల అయితదా?

ఇగ నా పేరు ముందు గా మాట రాయకు. గాజులు తీసిండ్రు. నీల అక్క అని రాస్తె చాలు.

నీల


పూణె,
25-11-1996

నీల అక్కకు,

సంజీవ్ ఉత్తరం గీ కవర్లనే ఉన్నది. దినం పేరు యాడ రాయలేదు.

గీ ఉత్తరం నేను గూడ మాట్లాడినట్టే రాస్తున్న. పటం ముందల పెట్టుకోలేదు.

వచ్చే యేడు మళ్ళ గిట్ల అయితదా అన్నవు. తెల్వదు అక్కా. సముద్రం ఎంత వెచ్చగున్నదో చెప్పగలుగుతం. పై గాలి ఎటు పోతున్నదో చెప్పగలుగుతం. గీ యేడు తుఫాన్లు ఎక్కువా తక్కువా అని జరంత అందాజ కడుతం. ఏ పొద్దు ఎవరి పడవ మీదికి వస్తదో నాకు తెల్వదు. మా ఆఫీసుల ఎవరికీ తెల్వదు. గీ మాట మే నెలలనే రాయాల్సి ఉండె.

బావ నవ్వుకుంట ఎక్కిండు అన్న కాడనే నేను ఆగిపోయిన. ఆ తర్వాతది చదువుటానికి రెండు దినాలు పట్టింది.

రాజవ్వత్తకు చెప్పు, నేను మిరుగానికి వస్తున్న. సెలవు ఇప్పుడే అడిగిన. ఊరంత చేపలు తెచ్చుకున్నా మనం తెచ్చుకోవద్దు. వాన పడెదాక ఆగుదాం. ఎన్ని దినాలైనా ఆగుదాం.

తమ్ముడు
విఠల్